కొలబద్దను కొలవడం: నొప్పి, శరీరస్పృహ, ఒక ప్రశ్నావళి

ప్రవాసంలో ఉన్న తెలుగు కుటుంబాలలో తరచుగా కనిపించే దృశ్యం ఇది. స్వదేశం నుండి వచ్చిన తల్లికి చాలాకాలంగా నడుము నొప్పి. కూతురు ఆమెను నొప్పికి చికిత్స చేసే వైద్యుని వద్దకు తీసుకొని వెళుతుంది. వైద్యుడు రావడానికి ముందే ఒక కాగితాల కట్ట చేతికి ఇస్తారు. అందులో ముప్పైకి పైగా వాక్యాలు, ఒక్కొక్క వాక్యానికి ఎదురుగా 0 నుండి 5 వరకు అంకెలు. కూతురు చదివి చెబుతుంది: "ఒంట్లో ఎక్కడ బిగుసుకుపోయి ఉందో నీకు తెలుస్తుందా అని అడుగుతున్నారమ్మా." తల్లి సమాధానం: "తెలియకేం, నడుమే కదా! ఎంతో కొంత నువ్వే వేసెయ్యి తల్లీ." కూతురు 3 మీద సున్నా చుట్టుతుంది.

ఆ మూడు తరువాత ఒక పట్టికలో చేరుతుంది. మిగిలిన అంకెలతో కలిసి సగటు అవుతుంది. ఆ సగటును చూసి, ఈమెకు వ్యాయామం నేర్పాలా, ధ్యానం నేర్పాలా, ఆందోళనకు చికిత్స చేయాలా అని ఎవరో ఆలోచిస్తారు. ఇంతకూ ఆ మూడు దేనిని కొలిచింది? తల్లికి తన శరీరంపై ఉన్న స్పృహనా? కూతురి అనువాద సామర్థ్యాన్నా? లేక ఇద్దరి తొందరనా?

థర్మామీటరు సరిగా పనిచేస్తున్నదో లేదో తెలుసుకోవడానికి దానిని కరుగుతున్న మంచులో ఒకసారి, మరుగుతున్న నీటిలో ఒకసారి ఉంచి చూడవచ్చు. ప్రశ్నావళి కూడా ఒక కొలత సాధనమే. కాని దానికి మంచూ లేదు, మరిగే నీరూ లేదు. అటువంటప్పుడు దానిని పరీక్షించడం ఎలా అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

శరీరస్పృహ అంటే ఏమిటి?

మన కన్ను, చెవి బయటి ప్రపంచాన్ని తెలియజేస్తాయి. ఆకలి, దాహం, గుండెదడ, ఊపిరి బిగియడం, కండరాల బిగువు వంటివి లోపలి సమాచారం. ఈ భేదాన్ని బ్రిటిష్ శరీరధర్మ శాస్త్రవేత్త ఛార్లెస్ షెరింగ్టన్ 1906లో ప్రకటించిన తన గ్రంథంలో స్పష్టం చేశాడు. లోపలి సమాచారాన్ని గ్రహించడాన్ని నేడు ఇంటరోసెప్షన్ అంటున్నారు. తెలుగులో దీనిని అంతర్గ్రహణం అనవచ్చు. మెదడులో ఇన్సులా అనే భాగానికి ఇందులో ముఖ్యమైన పాత్ర ఉన్నది. ఈ గ్రహణానికి మన అవధానం, భావాలు, నమ్మకాలు తోడైనప్పుడు ఏర్పడేదే శరీరస్పృహ.

నొప్పితో ఉన్నవారి విషయంలో ఈ స్పృహ మంచిదా, చెడ్డదా? చాలాకాలం దీనిని అనుమానంగానే చూశారు. ప్రతి చిన్న పోటునూ గమనిస్తూ, ఏమవుతుందోనని బెదిరేవారికి నొప్పి తీవ్రత, దానివల్ల కలిగే అశక్తత ఎక్కువగా ఉంటాయని పరిశోధనలు చూపాయి. నొప్పిని గూర్చి కీడెంచి భయపడే స్వభావాన్ని కొలవడానికి 1995లో సలివాన్, అతని సహచరులు 13 వాక్యాల ప్రశ్నావళిని తయారు చేశారు. మరొకవైపు యోగా, తైచీ, ధ్యానం నేర్పేవారు శరీరాన్ని శ్రద్ధగా గమనించడమే ఉపశమనానికి మార్గమని చెబుతారు.

ఈ రెండు మాటలూ నిజమే కావచ్చు. గమనించడం వేరు, గమనించి బెదరడం వేరు. ఒకే అంకెతో రెండింటినీ కొలిస్తే, ప్రశాంతంగా ఊపిరిని గమనించే సాధకునికీ, నిద్రపట్టక గుండెదడను లెక్కించుకునే రోగికీ ఒకే మార్కు వస్తుంది. కొలతలోని అసలు చిక్కు ఇక్కడే ఉన్నది.

ఎనిమిది ముఖాల ప్రశ్నావళి

ఈ చిక్కును విడదీయడానికి శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వోల్ఫ్ మేలింగ్ అనే వైద్యుడు, ఆయన సహచరులు పూనుకున్నారు. అంతవరకు ఉన్న ప్రశ్నావళులను 2009లో సమీక్షించారు. శరీర సాధనలు నేర్పేవారితోనూ, నేర్చుకునేవారితోనూ సమావేశమై వారి అనుభవాలను విన్నారు. వాటి ఆధారంగా వాక్యాలు కూర్చి, శరీర సాధనలలో అనుభవమున్న 325 మందిపై పరీక్షించి, 2012లో 32 వాక్యాల ప్రశ్నావళిని ప్రకటించారు. దాని పూర్తి పేరు మల్టీడైమెన్షనల్ అసెస్‌మెంట్ ఆఫ్ ఇంటరోసెప్టివ్ అవేర్‌నెస్. ఆంగ్లంలో మొదటి అక్షరాలు కలిపితే మన చెవికి తమాషాగా "మాయా" అని వినిపిస్తుంది. ఈ వ్యాసంలో ఆ పేరుతోనే పిలుద్దాము.

మాయా ప్రశ్నావళికి ఎనిమిది విభాగాలు ఉన్నాయి.

1. శరీరంలోని సుఖకరమైన, అసుఖకరమైన అనుభూతులను గమనించడం.
2. నొప్పి, అసౌకర్యం కలిగినప్పుడు దృష్టిని మళ్ళించుకోకుండా ఉండడం.
3. వాటిని చూసి ఆందోళన చెందకుండా ఉండడం.
4. శరీరంపై అవధానాన్ని నిలుపుకోగలగడం.
5. భావోద్వేగాలకూ శరీరానికీ ఉన్న సంబంధాన్ని గుర్తించడం.
6. శరీరంపై దృష్టి నిలిపి మనస్సును కుదుటపరచుకోవడం.
7. శరీరం తెలియజేసే దానిని ఆలకించడం.
8. శరీరాన్ని విశ్వసించడం.

ప్రతి వాక్యానికీ 0 నుండి 5 వరకు మార్కు. 0 అంటే ఎన్నడూ లేదు, 5 అంటే ఎల్లప్పుడూ. ఏ విభాగానికి ఆ విభాగంలోనే సగటు తీయాలి. ఎనిమిదింటినీ కలిపి ఒకే అంకెగా చేయడం ఈ ప్రశ్నావళి ఉద్దేశానికే విరుద్ధం. గమనించడంలో ఎక్కువ మార్కు, ఆందోళన చెందకపోవడంలో తక్కువ మార్కు వచ్చిన వ్యక్తి ఎవరో ఊహించండి. నిద్రలేని ఆ రోగి ఇతడే. కలిపితే అతడు మధ్యస్థుడుగా కనిపించి మాయమవుతాడు.

సాధనానికి పెట్టే పరీక్షలు

ప్రశ్నావళి పరీక్షలో రెండు మూల భావనలు ఉన్నాయి. మొదటిది విశ్వసనీయత. ఒకే స్థితిలో ఎన్నిసార్లు కొలిచినా దాదాపు ఒకే ఫలితం రావడం. రెండవది సప్రమాణత. దేనిని కొలుస్తున్నామని చెప్పుకుంటున్నామో దానినే కొలవడం. రోజూ సరిగ్గా రెండు కిలోలు ఎక్కువ చూపే త్రాసు విశ్వసనీయమైనదే, కాని సప్రమాణమైనది కాదు. మొదటిది ఉన్నంతమాత్రాన రెండవది ఉన్నట్లు కాదు. మొదటిది లేనిదే రెండవది ఉండదు.

విశ్వసనీయతను పరీక్షించే పద్ధతులలో ఒకటి అంతర్గత పొందిక. ఒకే విభాగంలోని వాక్యాలు ఒకే విషయాన్ని కొలుస్తున్నట్లయితే వాటి జవాబులు ఒకదానితో ఒకటి కలిసి నడవాలి. దీనికి లీ క్రోన్‌బాక్ 1951లో వివరించిన ఆల్ఫా అనే గుణకాన్ని ఉపయోగిస్తారు. సాధారణంగా అది 0.70 గాని, అంతకు మించి గాని ఉండాలని ఆశిస్తారు. వాక్యాలు తక్కువైతే ఆల్ఫా కూడా తగ్గుతుంది. స్పియర్‌మన్, బ్రౌన్ అనే ఇద్దరు 1910లో వేర్వేరుగా ప్రకటించిన సూత్రం దీనిని లెక్క కట్టి చూపుతుంది. ఉదాహరణకు మూడు వాక్యాల విభాగానికి గుణకం 0.55 అనుకుందాము. అదే నాణ్యత గల వాక్యాలు మరి మూడు చేర్చితే, రెండు రెట్లు 0.55 అనగా 1.10ని, 1.55తో భాగించాలి. ఫలితం సుమారు 0.71. గీత దాటింది.

రెండవ పద్ధతి పునఃపరీక్ష. అదే వ్యక్తికి కొంత వ్యవధి తరువాత అదే ప్రశ్నావళి ఇవ్వడం. నొప్పి రోగుల విషయంలో ఈ వ్యవధిని ఎన్నుకోవడం కత్తిమీద సామే. రెండు రోజులైతే పాత జవాబులు గుర్తుంటాయి. రెండు నెలలైతే నొప్పే మారిపోవచ్చు. ఒకటి రెండు వారాల వ్యవధి పెట్టి, ఆ మధ్యలో నొప్పి మారలేదని చెప్పినవారిని మాత్రమే లెక్కలోనికి తీసుకోవడం పరిపాటి.

సప్రమాణత పరీక్షలు ఇంతకంటె సూక్ష్మమైనవి. ముందుగా వాక్యాలన్నీ విషయాన్ని పూర్తిగా ఆవరించాయా అని నిపుణులనూ, రోగులనూ అడగాలి. తరువాత కారక విశ్లేషణ అనే గణిత పద్ధతితో వాక్యాలు మనం అనుకున్న విభాగాలుగానే గుంపులు కడుతున్నాయా అని చూడాలి. ఇందుకు వాక్యానికి పదిమంది చొప్పున జవాబుదారులు ఉండాలన్నది ఒక మోటు లెక్క. ఆ ప్రకారం 32 వాక్యాలకు 320 మంది కావాలి. ఆ తరువాత ఈ మార్కులకు ఇతర కొలతలతో ఉన్న సహసంబంధాన్ని ముందుగా ఊహించి, ఆ ఊహ నిలుస్తుందా అని చూడాలి. ఆందోళన చెందకుండా ఉండే విభాగంలో ఎక్కువ మార్కు వచ్చినవారికి ఆందోళనను కొలిచే మరొక ప్రశ్నావళిలో తక్కువ రావాలి. రాకపోతే రెండింటిలో ఒకటి తప్పు కొలుస్తున్నదన్నమాట.

ఇక్కడ పాఠకులకు ఒక సందేహం కలగవచ్చు. గుండె కొట్టుకోవడాన్ని మనస్సులో లెక్కపెట్టమని, యంత్రం లెక్కతో పోల్చి చూడవచ్చు కదా? 1981లో షాండ్రీ అనే జర్మన్ శాస్త్రవేత్త ప్రకటించిన పరీక్ష ఇటువంటిదే. కాని గుండె లయను సరిగా లెక్కపెట్టడం ఒక నైపుణ్యం. తన శరీరాన్ని తాను గమనిస్తానని భావించడం మరొకటి. ఈ రెండూ ఒకదానికొకటి బదులు కావని 2015లో సారా గార్ఫింకెల్, ఆమె సహచరులు స్పష్టంగా విడదీసి చూపారు. కనుక ప్రశ్నావళికి యంత్రం న్యాయాధిపతి కాజాలదు.

నొప్పి ఉన్నవారిలో మరల పరీక్ష ఎందుకు?

మాయాను మొదట పరీక్షించిన 325 మంది శరీర సాధనలలో ఆరితేరినవారు. వారికి సరిపడిన కొలబద్ద నొప్పితో ఉన్నవారికి కూడా సరిపడుతుందని హామీ లేదు. "శరీరంలోని అసౌకర్యాన్ని గమనిస్తారా?" అని అడిగితే సాధకుడు తాను ఇష్టపడి చేసే పనిని తలచుకుంటాడు. నడుము నొప్పి ఉన్నవాడు "గమనించక తప్పుతుందా?" అనుకుంటాడు. ఇద్దరూ 5 వేస్తారు. అంకె ఒకటే, అర్థం వేరు.

ఈ కారణంగానే మేలింగ్ బృందం, అంతకుముందు గాని, ఆనాటికి గాని నడుము నొప్పి ఉన్న 435 మంది సాధారణ రోగులపై ఈ ప్రశ్నావళిని పరీక్షించి 2013లో ఫలితాలు ప్రకటించింది. దృష్టి మళ్ళించకపోవడం, ఆందోళన చెందకపోవడం అన్న విభాగాలు బలహీనమైనవని బయటపడింది. ఆ రెండింటిలోనూ మూడేసి వాక్యాలే ఉన్నాయి. పైన చూసిన స్పియర్‌మన్, బ్రౌన్ సూత్రాన్ని జ్ఞాపకం చేసుకోండి. 2018లో లండన్ సైన్స్ మ్యూజియంను సందర్శించిన 1,090 మంది జవాబులతో కొత్త రూపాన్ని సిద్ధం చేశారు. మొదటి విభాగానికి ఆరు, రెండవదానికి ఐదు వాక్యాలు అయ్యాయి. మొత్తం 32 కాస్తా 37 అయింది. ఆ రెండు విభాగాల విశ్వసనీయత మెరుగుపడింది.

వాక్యాల సంఖ్య పెంచినంత మాత్రాన అర్థం గూర్చిన ప్రశ్న తీరిపోదు. నొప్పి నుండి దృష్టి మళ్ళించుకోవడాన్ని ఈ ప్రశ్నావళి తక్కువ మార్కుగా లెక్కిస్తుంది. కాని మన ఇళ్ళలో పెద్దతరం స్త్రీలు నడుము నొప్పిని ప్రక్కన పెట్టి వంటా, పిల్లల పనీ ముగించడాన్ని ఓర్పు అంటారు. అది ఒక్కొక్కసారి శరీరం చేసే హెచ్చరికను నిర్లక్ష్యం చేయడమే కావచ్చు. మరొకసారి నొప్పికి లొంగకుండా బ్రతికే ఉపాయం కావచ్చు. అంకె ఈ భేదం చెప్పదు. ఆమెను అడిగితేనే తెలుస్తుంది.

తెలుగులోనికి తేవడంలో చిక్కులు

ఒక భాషలో నిగ్గుతేలిన ప్రశ్నావళిని మరొక భాషలోనికి మార్చితే పరీక్ష మళ్ళీ మొదటికి వస్తుంది. దీనికి ఒక క్రమం ఏర్పడి ఉన్నది. ఇద్దరు వేర్వేరుగా అనువదించాలి. రెండింటినీ కలిపి ఒక ప్రతి తయారు చేయాలి. మూలాన్ని చూడని మరొకరు దానిని తిరిగి ఆంగ్లంలోనికి మార్చాలి. ఈ తిరుగు అనువాద పద్ధతిని రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో వివరించాడు. చివరకు కొద్దిమంది రోగులను కూర్చోబెట్టి, ప్రతి వాక్యమూ చదివి, "ఇది వింటే మీకేమి అర్థమైంది?" అని అడగాలి. పండితులు పట్టుకోలేని పొరపాట్లు ఈ ఆఖరి మెట్టులో దొరుకుతాయి.

మన భాషలో ఎదురయ్యే ఉదాహరణలు కొన్ని చూద్దాము. శరీరాన్ని ఆలకించడం అన్న విభాగాన్ని తేలిక తెలుగులో "నా ఒంటి మాట వింటాను" అని చెప్పామనుకోండి. తెలుగులో మాట వినడం అంటే చెప్పినట్లు చేయడం. "ఒళ్ళు నా మాట వినడం లేదు" అని రోగి అనేది కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేవన్న అర్థంలో. శరీరాన్ని విశ్వసించడాన్ని "ఒంటిమీద నమ్మకం ఉందా" అని అడిగితే, ఎన్నాళ్ళు బ్రతుకుతానో అన్న దిగులు పలుకుతుంది. "ఒళ్ళు దగ్గర పెట్టుకోవడం" అన్న పలుకుబడిలో శరీరమూ ఉంది, స్పృహా ఉంది. కాని దాని అర్థం జాగ్రత్తగా మెలగమన్న మందలింపు. "ఒళ్ళు తెలియని నిద్ర", "ఒళ్ళు తెలియని కోపం" అన్న మాటలలో మాత్రం మన పూర్వులు శరీరస్పృహను చక్కగా పట్టుకున్నారు.

అన్నింటికంటె మోసం చేసేది "ఎప్పుడూ" అన్న చిన్నమాట. "ఎప్పుడూ గమనిస్తాను" అంటే అది 5. "ఎప్పుడూ గమనించను" అంటే అది 0. ఒకే మాట క్రియను బట్టి రెండు కొసలకూ పోతుంది. దానికి తోడు వాక్యమే వ్యతిరేకార్థంలో ఉంటే, అంటే "నొప్పిని పట్టించుకోను" అన్న వాక్యానికి పెద్దావిడ "ఎప్పుడూ" అని జవాబిస్తే, వ్రాసేవారు ఏ అంకె వేయాలి? అందుకే జవాబులను "ఎన్నడూ లేదు" అనీ, "ఎల్లప్పుడూ" అనీ విడదీసి వ్రాయాలి. వ్యతిరేక వాక్యాలను ప్రత్యేకంగా పరీక్షించాలి.

నొప్పికి ఉన్న పదసంపద సంగతి చెప్పనే అక్కరలేదు. రొనాల్డ్ మెల్జాక్ 1975లో ప్రకటించిన మెగిల్ నొప్పి ప్రశ్నావళిలో 78 ఆంగ్లపదాలు 20 గుంపులుగా ఉన్నాయి. మనకు తలపోటు ఉంది, పుండు సలుపు ఉంది, కాళ్ళ పీకు ఉంది, ఒళ్ళు తీపులు ఉన్నాయి, అరికాళ్ళ మంట, చేతుల తిమ్మిరి ఉన్నాయి. వైద్యునికి ఇవి ఒకటి కావు. మంట, తిమ్మిరి అన్నప్పుడు నరాల సంగతి ఆలోచించాలి. పీకు, తీపు అన్నప్పుడు ఆలోచన మరొక దారిన పోతుంది. వీటన్నింటినీ "పెయిన్" అన్న ఒక్క మాటలో కలిపివేస్తే ఆ సమాచారమంతా పోతుంది. ప్రాంతభేదం కూడా గమనించాలి. కోస్తాలో "ఒళ్ళు" అన్నచోట తెలంగాణలో "పెయ్యి" అంటారు. ఒక ప్రాంతంవారు మాత్రమే కూర్చుని తయారుచేసిన ప్రశ్నావళి మరొక ప్రాంతంవారికి పరాయిదిగా తోస్తుంది.

అంకె మారితే మనిషి మారినట్లేనా?

చికిత్స తరువాత తల్లి మార్కు 2.5 నుండి 3.0 అయిందనుకుందాము. సంతోషించవచ్చా? దీనికి చిన్న లెక్క ఉన్నది. ఒక విభాగానికి ప్రామాణిక విచలనం 1, విశ్వసనీయత 0.75 అనుకుందాము. ఒకటిలోనుండి 0.75 తీసివేస్తే 0.25. దాని వర్గమూలం 0.5. ఒక్కొక్క కొలతలో ఉండే సహజమైన దోషం అదే. రెండు కొలతల మధ్య భేదం నిజమైనదని 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే, ఆ దోషాన్ని 1.96తోనూ, రెండు వర్గమూలమైన 1.41తోనూ గుణించాలి. సుమారు 1.4 వస్తుంది. అంటే అర మార్కు పెరుగుదల ఒక వ్యక్తి విషయంలో ఏమీ రుజువు చేయదు. వందలమంది సగటులో అదే అర మార్కు అర్థవంతం కావచ్చు. పరిశోధనకు పనికివచ్చే కొలబద్ద ఒక్క మనిషి విషయంలో తీర్పు చెప్పడానికి చాలకపోవచ్చునన్నది మరచిపోరాదు.

మనం చేయదగినవి

వైద్యశాలలో ఇటువంటి ప్రశ్నావళి చేతికి వచ్చినప్పుడు దీనిని తెలుగులో పరీక్షించిన ప్రతి ఉన్నదా అని మొదట అడగండి. లేకపోతే శిక్షణ పొందిన దుబాసీని కోరండి. అమెరికాలో సమాఖ్య ప్రభుత్వ ఆర్థిక సహాయం పొందే ఆరోగ్యసంస్థలు భాషా సహాయాన్ని ఉచితంగా అందించాలన్న బాధ్యతకు 1964 నాటి పౌరహక్కుల చట్టం, 2010 నాటి ఆరోగ్య చట్టం ఆధారాలు. చదువుకునే పిల్లలను ఈ పనికి నియమించకండి. అమ్మమ్మ మనుమడి ఎదుట చెప్పుకోలేని బాధలు ఉంటాయి.

మీరే అనువదించక తప్పనప్పుడు, ఆమె బదులు మీరు జవాబు చెప్పకండి. అర్థం కాని వాక్యాన్ని ఖాళీగా ఉంచి, ఎందుకు ఉంచారో ప్రక్కన వ్రాయండి. ఊహించి వేసిన 3 కంటె నిజాయితీ గల ఖాళీ మేలు. ఆమె సలుపు అంటే సలుపు అనే వ్రాసి, అది ఎటువంటిదో వైద్యునికి వివరించండి. ప్రశ్నావళి రోగనిర్ణయం కాదు. మార్కు ఎంత వచ్చినా, కొత్తగా కాళ్ళలో బలం తగ్గినా, మలమూత్రాలపై అదుపు తప్పినా, జ్వరంతో నడుము నొప్పి వచ్చినా వెంటనే వైద్యునికి తెలియజేయాలి.

అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 1979లో ఇచ్చిన నిర్వచనాన్ని 2020లో సవరించింది. నొప్పి ఎల్లప్పుడూ వ్యక్తిగతమైన అనుభవమనీ, మాటలలో చెప్పడం దానిని వ్యక్తం చేసే మార్గాలలో ఒకటి మాత్రమేననీ, చెప్పలేకపోయినంత మాత్రాన నొప్పి లేదని అనరాదనీ ఆ సవరణతో చేర్చిన వివరణ తెలియజేస్తుంది. ప్రశ్నావళులను పరీక్షించే శ్రమ అంతా ఈ గౌరవం నుండి పుట్టినదే. మనిషి చెప్పినదానిని నమ్మాలి. నమ్మాలంటే, అడిగిన ప్రశ్న ఆ మనిషికి అందాలి.

"నువ్వే వేసెయ్యి తల్లీ" అన్న తల్లి తన నొప్పిని తేలిక చేయలేదు. ఆ ప్రశ్న తనను ఉద్దేశించినదని ఆమెకు తోచలేదు, అంతే. కాగితం ప్రక్కన పెట్టి, "అమ్మా, పొద్దున లేవగానే నడుము ఎలా ఉంటుంది? అప్పుడు నువ్వు ఏం చేస్తావు?" అని అడగండి. ఆమె చెప్పినదంతా వినండి. ఆ తరువాతనే అంకె వేయండి.